"మీ బాబు ఫీజు లెక్కలో వేసుకున్నారా అమ్మా?"

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం శ్రీకాకుళం నుంచి మా అక్క కూతురు ఫోను చేసింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, తరవాత బీఎడ్ చేసింది. పాప పుట్టాక ఇంటిపట్టునే ఉంది. పాపకు ఇప్పుడు నాలుగేళ్ళు. మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటే రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న ప్రైవేటు బడి. నెలకు 11,000. ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్తే సాయంత్రం నాలుగున్నరకు ఇంట్లో ఉంటుంది, పాపకు ఫీజు కట్టక్కర్లేదు. రెండోది రణస్థలం దాటాక పైడిభీమవరం వైపు ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో పని. నెలకు 19,000. కంపెనీ బస్సు ఉదయం 6.40కి ఏడు రోడ్ల కూడలిలో ఎక్కించుకుని సాయంత్రం ఆరున్నరకు అక్కడే దింపుతుంది.

"పిన్నీ, ఇంట్లో అందరూ బడికే వెళ్ళమంటున్నారు. జీతం తక్కువైనా పాప చదువు ఉచితం, పైగా నా కళ్ళ ముందే ఉంటుంది అంటున్నారు. నువ్వేమంటావు?"

సాయంత్రం మళ్ళీ చేస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఆ అమ్మాయి ఎంతో మామూలుగా అన్న "జీతం తక్కువైనా" అనే ముక్క నన్ను కూర్చోనివ్వలేదు. ఆ ముక్క చెప్పుకునే నేను పదేళ్ళు బతికాను.

ఒక కాగితం మీది భాగహారం

2010లో విజయనగరంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. జీతం 5,500. అదే ఏడాది మా అబ్బాయిని అక్కడే ఒకటో తరగతిలో వేశాం. సిబ్బంది పిల్లలకు ఫీజు లేదన్నారు. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. వచ్చేటప్పుడు గంటస్తంభం దగ్గర ఆగి మిఠాయి కొనుక్కుని మరీ ఇంటికి వెళ్ళాను.

నాలుగేళ్ళు గడిచాయి. తొమ్మిది, పది తరగతులు కూడా నాకే ఇచ్చారు. కొన్ని రోజులు సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి చదివించే పని కూడా నాదే. జీతం మాత్రం 8,000 దగ్గర ఆగిపోయింది. 2014 జూన్‌లో బడి తెరిచిన వారంలోనే కరస్పాండెంట్ గారి గదికి వెళ్ళి జీతం పెంచమని అడిగాను. ఆయన కోపగించుకోలేదు. కూర్చోమన్నారు. బల్ల మీదున్న కాగితం ఒకటి దగ్గరికి లాక్కుని, "మీ బాబు ఫీజు లెక్కలో వేసుకున్నారా అమ్మా?" అన్నారు. ఏడాదికి 15,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 1,250. "అంటే మీ జీతం 9,250 అన్నమాట" అని ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి కాగితం నా వైపు తిప్పారు.

లెక్కలు చెప్పేదాన్ని, భాగహారం తప్పని ఎలా అనగలను? నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను.

మెట్లు దిగుతుంటే హిందీ టీచరు ఎదురైంది. నాకంటే ఏడాది ముందు చేరింది. అప్పటికి ఆమెకు పెళ్ళి కాలేదు. ఆమె జీతమూ 8,000. రాయితీ నా జీతంలో భాగమే అయితే, పిల్లలు లేని ఆమెకు 9,250 ఇవ్వాలి కదా? ఈ చిన్న ప్రశ్న ఆ రోజు మెట్ల మీద తట్టి ఉంటే వెనక్కి తిరిగి పై అంతస్తుకు ఎక్కేదాన్ని. తట్టలేదు. చాలా ఏళ్ళ తరవాత, ఇంకెవరి జీతాల పట్టీయో రాస్తూ ఉండగా తట్టింది.

మా ఇద్దరి జీతమూ ఒకే చోట ఆగిందంటే దానికి నా కొడుకు ఫీజు కారణం కాదు. బీఎడ్ చేసి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు ఊళ్ళో ఎంతోమంది. ఎనిమిది వేలకు టీచరు దొరుకుతుంది కాబట్టి ఎనిమిది వేలే ఇచ్చారు. ఫీజు రాయితీ ఆ తక్కువ జీతాన్ని సమర్థించుకోవడానికి పనికొచ్చింది, అడిగిన మనిషిని మర్యాదగా వెనక్కి పంపడానికి పనికొచ్చింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ముప్ఫై అయిదుమంది ఉన్న తరగతిలో ముప్ఫై ఆరో పిల్లవాడు కూర్చుంటే బడికి కొత్తగా అయ్యే ఖర్చు ఎంత? బల్ల ఉంది, గది ఉంది, టీచరు ఉంది. ఆ టీచరును నేనే. నాకు అది నెలకు 1,250 విలువ చేసే మేలు, నిజమే. ఇచ్చేవాళ్ళకు అందులో పదో వంతు కూడా ఖర్చు కాదు. తక్కువ ఖర్చుతో ఎదుటివారికి పెద్ద మేలు చేయగలిగితే మంచిదే, నేను కాదనను. ఆ మేలుకు పూర్తి వెల కట్టి నా జీతంలో మినహాయించుకోవడం మాత్రం న్యాయం కాదు.

అబ్బాయి తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది ఊళ్ళోనే మరో బడివాళ్ళు 3,000 ఎక్కువ ఇస్తాం రమ్మన్నారు. వెళ్ళలేదు. వెళ్తే వాడినీ బడి మార్చాలి, లేదా అక్కడే ఉంచి పూర్తి ఫీజు కట్టాలి. పదో తరగతి ముంగిట్లో పిల్లవాడిని కదపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? నెలకు 3,000 చొప్పున రెండేళ్ళు, 72,000. రాయితీ విలువ చెప్పేటప్పుడు ఈ 72,000 ఏ కాగితం మీదా ఎవరూ రాయరు. పిల్లల ఫీజు ద్వారా దొరికే మేలుకు ఈ గుణం ఉంది. అది తల్లి కాలికి పడిన ముడి. పిల్లవాడు పై తరగతికి వెళ్ళేకొద్దీ ముడి బిగుస్తుంది.

ఆర్థికవేత్తలు ఏమన్నారు

2020లో బడులు మూతబడ్డాక ఆ ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి మూడు లాంతర్ల దగ్గర ఒక ఆడిటరు గారి ఆఫీసులో జీతాల పట్టీలు, పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) చలాన్లు చూస్తున్నాను. ఆ పని వల్ల ఈ విషయం మీద కొంత చదవాల్సి వచ్చింది. చదివాక నా కోపం కొన్నిచోట్ల తగ్గింది, కొన్నిచోట్ల పెరిగింది.

సిద్ధాంతం పాతదే. 1776లోనే ఆడమ్ స్మిత్ చెప్పాడు: కష్టమైన, మురికైన పనికి మనుషులు రావాలంటే ఎక్కువ కూలి ఇవ్వాలి, హాయిగా ఉండే పనికి తక్కువ ఇచ్చినా వస్తారు. దీన్నే మన విషయానికి పొడిగిస్తే, ఇంటికి దగ్గర, సాయంత్రం త్వరగా వదిలేస్తారు, పిల్లకు ఫీజు లేదు అంటే జీతం కాస్త తగ్గడం సహజం. 1989లో లారెన్స్ సమ్మర్స్ ఇంకొంచెం ముందుకు వెళ్ళాడు. చట్టం బలవంతంగా ఇప్పించిన సౌకర్యమైనా సరే, దాని ఖర్చు ఎంతో పనివాళ్ళ దృష్టిలో దాని విలువా అంతే అయితే, జీతం ఆ మేరకు తగ్గి లెక్క సరిపోతుందన్నాడు. 1994లో జొనాథన్ గ్రూబర్ అమెరికాలో దాన్ని పరీక్షించి చూశాడు. 1970ల్లో అక్కడి కొన్ని రాష్ట్రాలు, తరవాత 1978లో ఫెడరల్ చట్టం, ఉద్యోగుల ఆరోగ్య బీమాలో కాన్పు ఖర్చును కూడా మిగతా జబ్బుల ఖర్చులాగే చేర్చాలన్నాయి. చేర్చారు. ఆ ఖర్చు చివరికి పిల్లలను కనే వయసులో ఉన్న పెళ్ళయిన స్త్రీల జీతాల్లోంచే వచ్చిందని గ్రూబర్ తేల్చాడు.

ఇది చదివిన రోజు కరస్పాండెంట్ గారి కాగితం నా కళ్ళ ముందు కదిలింది. ఎక్కడి అమెరికా, ఎక్కడి విజయనగరం! సౌకర్యం ఎవరి పేరున వస్తుందో ఖర్చు వాళ్ళ జేబులోంచే వెళ్తుంది.

అయితే, "వాళ్ళు దాన్ని విలువైనదనుకున్నారు కాబట్టే తక్కువ జీతానికి ఒప్పుకున్నారు, ఇందులో నష్టం ఏముంది?" అని అడగవచ్చు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసిపారేయలేను. సాయంత్రం నాలుగున్నరకు ఇంట్లో ఉండటం నిజంగా విలువైనదే. నేను పదేళ్ళు అనుభవించాను. మా అబ్బాయికి జ్వరం వస్తే రెండో అంతస్తు నుంచి దిగి కింద వాడి తరగతికి వెళ్ళి నుదురు పట్టుకుని చూడగలిగాను. దానికి ధర కట్టమంటే ఎంతని చెప్పను? 2017లో మాస్, పల్లైస్ అనే ఇద్దరు అమెరికాలో కాల్ సెంటరు ఉద్యోగాలకు వచ్చినవారికి రకరకాల పనివేళలు, రకరకాల జీతాలు చూపించి ఏది ఎంచుకుంటారో గమనించారు. ఇంటి నుంచి పనిచేసే వీలు కోసం సగటున 8 శాతం జీతం వదులుకోవడానికి సిద్ధపడ్డారు. యజమాని చివరి నిమిషంలో పనివేళలు మార్చే ఉద్యోగాన్ని తప్పించుకోవడానికి 20 శాతం వదులుకుంటామన్నారు. కాలానికి విలువ ఉందని ఇంతకంటే ఎవరు నిరూపించాలి?

కానీ ఆ మనుషుల ముందు రెండు ధరలూ తెరిచి పెట్టారు. ఈ వేళలైతే ఇంత, ఆ వేళలైతే అంత, ఏది కావాలో చెప్పండి అన్నారు. మన ఊళ్ళో అలా ఎవరు అడుగుతారు? "పిల్ల ఫీజు వద్దు, దాని బదులు డబ్బు ఇవ్వండి" అంటే ఇచ్చే బడి నాకు ఇంతవరకు కనిపించలేదు. ఎంచుకునే వీలు లేనప్పుడు, మీరే ఎంచుకున్నారు కదా అనడం తగదు.

పలాసలో, పొందూరులో

సౌకర్యానికి బదులు జీతం తగ్గుతుందన్న సిద్ధాంతం నిజమైతే, ఏ సౌకర్యమూ లేని చోట జీతం ఎక్కువ ఉండాలి. పలాస వెళ్ళి చూడండి. జీడిపిక్కల పరిశ్రమలో పనిచేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. పిక్క చిప్పలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, వేళ్ళు నల్లబడి పొరలూడుతాయి. ఎన్ని కిలోలు చేస్తే అంత కూలి. ఆడమ్ స్మిత్ మాట ప్రకారం వాళ్ళు మన బడి టీచర్లకంటే బాగా సంపాదించాలి. సంపాదించడం లేదు. పని కష్టమూ ఎక్కువే, సౌకర్యమూ లేదు, కూలీ తక్కువే.

రెండో కొసకు పొందూరు ఉంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, సన్నని నూలు వడికే ఆడవాళ్ళు ఇంట్లోనే కూర్చుని చేస్తారు. హాజరు పట్టీ లేదు, బస్సు పట్టుకోవడం లేదు, ఉయ్యాలలో బిడ్డ పక్కనే ఉంటుంది. కుటుంబానికి ఇంతకంటే అనువైన పని ఉంటుందా? ఆ నూలుతో నేసిన పంచె కట్టుకోవడం పెద్దమనుషులకు గౌరవం. నూలు వడికిన చేతులకు వచ్చేది మాత్రం ఇల్లు గడవని కూలి. "ఇంట్లో కూర్చుని చేసుకునేదే కదా" అన్న మాటతో ఆ కూలిని తరతరాలుగా కిందికి తొక్కారు. పని ఇంట్లోకి వస్తే బిడ్డ పక్కన ఉండటాన్ని కూడా కూలిలో భాగంగా లెక్క కట్టేస్తారు.

ఇక మంచి జీతం, మంచి సెలవులు రెండూ కలిసి ఉన్న చోటు కూడా మన మధ్యే ఉంది. నా పాత స్నేహితురాలు ఒకామె జిల్లా పరిషత్ హైస్కూలులో టీచరు. నేను బడిలో చెప్పిన పాఠాలే ఆమె చెబుతుంది. జీతం నాకు వచ్చినదానికి ఎన్నో రెట్లు. ప్రసూతి సెలవు ఉంది, దానికి తోడు పిల్లల సంరక్షణ సెలవు కూడా ఉంది. అది రాష్ట్ర ఉద్యోగినులకు మొదట 60 రోజులు ఉండేది, 2022లో 180 రోజులు చేశారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకైతే ఉద్యోగకాలం మొత్తానికి 730 రోజులు. సెలవులు ఎక్కువ ఇచ్చారని వాళ్ళ జీతం ఎవరూ తగ్గించలేదు. బలమైన ఉద్యోగం, అడిగే సంఘం, రాసిపెట్టిన నిబంధన ఉన్నచోట రెండూ వస్తాయి. అవి లేనిచోట రెండూ రావు, లేదా ఒకటి చూపించి రెండోదాన్ని కోస్తారు. సౌకర్యానికీ జీతానికీ మధ్య తక్కెడ ఉందనేది ప్రకృతి నియమం కాదు. బేరమాడే బలం లేనివాళ్ళ ముందు మాత్రమే ఆ తక్కెడ పెడతారు.

రిజిస్టరులో కనబడనివి

ఆఫీసులో నాకు బాగా తెలిసివచ్చినది ఈఎస్ఐ లెక్క. నెల జీతం 21,000 లోపు ఉన్న ఉద్యోగికి 26 వారాల ప్రసూతి భృతి ఈఎస్ఐ నిధి నుంచి వస్తుంది. యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు. మా అక్క కూతురికి రాబోయే 19,000 మీద చూస్తే కంపెనీ 617.50, ఆమె 142.50. పక్క బల్ల దగ్గర అదే జీతానికి పనిచేసే మగ ఉద్యోగి పేరున కూడా సరిగ్గా అంతే కడతారు. నేను ఇష్టపడేది ఇదే. ఆమె బిడ్డను కన్నా కనకపోయినా యజమానికి పైసా తేడా రాదు. కాబట్టి ఆమెను తీసుకోవడానికి వెనకాడే కారణం ఉండదు, ఆమె జీతంలో కోసుకోవడానికి సాకు ఉండదు.

21,000 దాటితే కథ మారుతుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. మొదటి ఇద్దరు పిల్లలకు ఇది వర్తిస్తుంది. ఆ నిర్ణయం మంచిదని నేను మనసారా నమ్ముతాను. కానీ ఆ 26 వారాల జీతం పూర్తిగా ఆ ఒక్క యజమానే భరించాలి. 28,000 జీతమైతే 1,68,000. పెద్ద కంపెనీకి అది ఒక లెక్క కాదు. పన్నెండుమంది ఉన్న చిన్న సంస్థకు అది భయపడే మొత్తం.

ఆ భయం ఎలా మాట్లాడుతుందో విన్నాను. ఆఫీసుకు వచ్చే ఒక సంస్థ మేనేజరు టీ తాగుతూ అన్నాడు: "కొత్తగా పెళ్ళయిన అమ్మాయిలైతే ఆలోచించుకోవాలండీ. పనిలో చేర్చుకుని ఏడాది నేర్పించేసరికి ఆరు నెలలు జీతం ఇచ్చి ఇంటికి పంపాలి." చెడ్డ మనిషి కాదు. తన కూతురికి కాన్పు సెలవు సరిగా దొరకలేదని అదే బల్ల దగ్గర బాధపడ్డాడు కూడా. సెలవులో ఉన్నామెను ఉద్యోగం నుంచి తీసేయకూడదని చట్టం చెబుతుంది. అసలు తీసుకోకుండా ఉండటం ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు. ఇంకొక సంస్థ హాజరు పట్టీలో మూడేళ్ళుగా 48 మందే ఉన్నారు, మిగతావాళ్ళంతా కాంట్రాక్టరు పేరున. యాభైమంది ఉంటే పిల్లల సంరక్షణకు క్రెష్ పెట్టాలన్నది 2017 సవరణలోని మరో నిబంధన.

చట్టం వద్దని నేను అనడం లేదు. ఖర్చు ఎవరి మీద పెట్టామన్నది చూడమంటున్నాను. 2000లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ప్రసూతి రక్షణ ఒప్పందంలో, ఈ భృతిని సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో ఇవ్వాలని, ఒక్కో యజమాని మీద విడిగా భారం పెట్టకూడదని రాశారు. ఆ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించలేదు. ఈఎస్ఐ రూపంలో ఆ పద్ధతి మన దగ్గర ఇప్పటికే నడుస్తోంది కదా, 21,000 దగ్గర దాన్ని ఎందుకు ఆపాలి? బడి టీచరు, దుకాణంలో గుమస్తా, కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి, అందరి పేరునా ఇంత అని జమ చేయించి కాన్పు సెలవు, పిల్లల సంరక్షణ రెండూ అక్కడి నుంచే ఇస్తే, "మీ బాబు ఫీజు" లాంటి మాటకు చోటు ఎక్కడ ఉంటుంది?

నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

మొదటిది ఆ హిందీ టీచరు గురించే. పిల్లలు లేని ఆమె అందరి పిల్లల కోసం ఎందుకు కట్టాలి? చాలాకాలం దీనికి సరైన జవాబు దొరకలేదు. తరవాత అనిపించింది, ఈఎస్ఐలో జబ్బు పడనివాళ్ళు కూడా కడుతున్నారు, దాన్ని ఎవరూ అన్యాయం అనరు. రేపు ఆమె వృద్ధాప్యంలో ఆసుపత్రిలో సూది వేసేది, బస్సు నడిపేది, పింఛను కాగితం చూసేది ఎవరి పిల్లలో ఒకరే. అయినా, పిల్లలున్నవాళ్ళు త్వరగా వెళ్ళిపోతే సాయంత్రం అదనపు తరగతులు ఆమె మీద పడేవి. నేను నాలుగున్నరకు వెళ్ళిన రోజుల్లో నా పని కూడా ఆమే చూసింది. ఆమెకు దానికి వేరే డబ్బు రాలేదు. ఆ బాకీ నాది కాదు, బడిది. అయినా ఆమె కనబడితే ఇప్పటికీ నాకు బాకీ ఉన్నట్టే ఉంటుంది.

రెండోది ఇంకా కష్టమైనది. సౌకర్యాలు బాగా ఉంటే ఆడవాళ్ళ జీతాలు నిలబడతాయా? సెలవులు, శిశు సంరక్షణ విషయంలో ఎంతో ముందున్న డెన్మార్క్‌లో కూడా మొదటి బిడ్డ పుట్టాక స్త్రీల సంపాదన పురుషులతో పోలిస్తే దీర్ఘకాలంలో సుమారు 20 శాతం తగ్గిందని 2019లో వచ్చిన క్లెవెన్ బృందం పరిశోధన చూపింది. తండ్రి సంపాదనలో కదలిక లేదు. సెలవులన్నీ తల్లి పేరునే రాస్తే, పిల్లల పని తల్లిదేనని ప్రభుత్వ ముద్ర వేసినట్టవుతుందేమోనని నా భయం. ఆ జిల్లా పరిషత్ టీచరు భర్త కూడా టీచరే. పిల్లకు పరీక్షలు వస్తే సెలవు పెట్టేది ఆమె ఒక్కతే.

మా అక్క కూతురి విషయంలోనూ అంతే. ఆమె భర్త ఒక షోరూములో పనిచేస్తాడు, రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వస్తాడు. రెండు ఉద్యోగాల గురించి వారం రోజులు ఇంటిల్లిపాదీ చర్చించారు. ఆ చర్చలో అతని పనివేళల ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చెప్పింది ఈ ఇంటికి అచ్చంగా సరిపోతుంది: ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికే మనిషికి జీతం పెరుగుతుంది, ఇంట్లో ఒకరు అలా ఉండాలంటే రెండోవారు ఇంటికి దగ్గరి పనిలో ఉండిపోవాలి.

మూడోది చిన్న బడుల మాట. ఫీజులు వసూలు కావు, అద్దె పెరుగుతుంది, ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలి అని వాళ్ళు అడుగుతారు. ఆ లెక్కలు నేను చూశాను, చాలాసార్లు నిజమే చెబుతారు. అలాంటప్పుడు "ఇంతకంటే ఇవ్వలేను" అని చెప్పాలి. ఆ మాటను ఏ టీచరైనా అర్థం చేసుకుంటుంది. ఇవ్వనిదాన్ని ఇచ్చినట్టు కాగితం మీద రాసి చూపించకూడదు.

పిల్లలను చూసుకునే పనికి మనం ఇచ్చే విలువ ఎలాంటిదో తెలియాలంటే అంగన్‌వాడీల వైపు చూస్తే చాలు. మన జిల్లాల్లో వలస వెళ్ళినవాళ్ళ పిల్లలకు అమ్మమ్మ ఇల్లు, అంగన్‌వాడీ, ఈ రెండే ఆధారం. ఆ కార్యకర్తలు 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు. అప్పుడు వాళ్ళకు వచ్చేది 11,500. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. జీతం అంటే హక్కులు వస్తాయి. వాళ్ళకు గ్రాట్యుటీ వర్తిస్తుందని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఊళ్ళోని తల్లులందరూ పనికి వెళ్ళేలా చేసే మనిషి చేస్తున్నది పనేనని ఒప్పుకోవడానికి మనకు మనసు రాలేదు.

ఆ సాయంత్రం

మళ్ళీ ఫోను చేసి, ఏది తీసుకోవాలో నేను చెప్పలేదు. ఒక్క పని చేయమన్నాను. "రేపు బడికి వెళ్ళి, మా పాపను వేరే బడిలో వేస్తాం, అప్పుడు నాకు జీతం ఎంత ఇస్తారు అని అడుగు."

అడిగింది. మంగళవారం రాత్రి ఫోను చేసింది.

"అదే పదకొండు వేలు అన్నారు పిన్నీ. పాపను ఎక్కడ వేసినా అంతేనట."

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. రెండు ఉద్యోగాలకూ తేడా 8,000. పాప ఫీజు ఏడాదికి 24,000, అంటే నెలకు 2,000. మిగిలిన 6,000 రోజూ ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఇంట్లో ఉండటానికి ఆమె చెల్లించే ధర. పైగా ఫ్యాక్టరీలో పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి, బడిలో ఏమీ లేవు. ఆ గంటలకు ఆ ధర పెట్టాలనుకుంటే పెట్టు, అందులో తప్పేమీ లేదు, ఎంత పెడుతున్నావో తెలిసి పెట్టు అన్నాను. పది రోజులు ఆలోచించి ఫ్యాక్టరీలో చేరింది. షోరూములో మాట్లాడుకుని వారంలో మూడు రోజులు ఏడింటికే ఇంటికి వచ్చేలా ఆమె భర్త ఏర్పాటు చేసుకున్నాడు. ఉదయం పాపను బడికి తయారుచేసి దించే పని కూడా ఇప్పుడు అతనిదే.

మిగిలింది బడి వదిలిన తరవాతి మూడు గంటలు. పక్కింటి ఆవిడ చూసుకుంటానంది. నెలకు ఎంత ఇవ్వాలని అడిగితే, "డబ్బుదేముందమ్మా, నీకు తోచింది ఇవ్వు, మా మనవరాలితో పాటే ఆడుకుంటుంది" అందట. ఈ మాట చెబుతూ అక్క కూతురు ఎంతో సంబరపడింది. నేను మాత్రం ఆ "తోచింది" దగ్గరే ఆగాను. ఎంత ఇస్తావో ముందే చెప్పమన్నాను, చెప్పినది ఒకటో తారీఖునే చేతిలో పెట్టమన్నాను. 3,000 అనుకున్నారు. పండగకు చీర పెడతానంది. చీర పెట్టు, అది ఈ 3,000లో కలపకు అన్నాను.